పేరు పోయినను రుచి నిలిచెను

తెల్లవారినంతనే కాఫీ లేనిదే పని సాగని యిండ్లు మన దేశమున నెన్నియో గలవు. గింజలు మాడినచో కషాయము చేదెక్కుననియు, పొడి పాతబడినచో వాసన పోవుననియు మన సోదరీమణులకు వేరుగ చెప్పనక్కరలేదు. ఈ చిన్న యెరుకయే పెట్టుబడిగా అమెరికాలో పుట్టి, పెరిగి, మాయమైన కొన్ని కాఫీ దుకాణముల కథను ఈ మాసమున ముచ్చటింపదలచితిమి.

జార్జి హోవెల్ అను నాతడు 1974లో భార్యాబిడ్డలతో కాలిఫోర్నియానుండి తూర్పుతీరమందలి బోస్టన్ ప్రాంతమునకు కాపురము మార్చెను. బర్క్‌లీ పట్టణమున మంచి కాఫీకి అలవాటుపడిన ఆ దంపతులకు క్రొత్తచోటి కాఫీ నోటికెక్కలేదు. ఇతరులైనచో సరిపెట్టుకొని యుందురు. వీరు 1975లో బోస్టనుకు ప్రక్కనున్న కేంబ్రిడ్జిలో, హార్వర్డు స్క్వేరునందు, 'కాఫీ కనెక్షన్' అను దుకాణము తెరచిరి.

అచ్చటి విశేషము గింజలను నల్లగా మాడ్చక దోరగా వేయించుట. వంకాయకూరలో కారము మితిమీరినచో కాయ లేతదో ముదురుదో తెలియదు గదా! అట్లే మాడిన గింజ ఏ దేశముదైనను చేదొక్కటియే మిగులును. దోరగా వేయించినచో కెన్యా గింజ పులుపు వేరు, గ్వాటెమాలా గింజ సువాసన వేరు. గాజుపాత్రలో పొడిపై వేడినీరు పోసి, కొన్ని నిమిషములూరనిచ్చి, పొడిని జల్లెడబిళ్లతో అడుగునకు నొక్కి వడ్డించెడివారు. జనులు మెచ్చిరి. ఒక్క దుకాణము క్రమముగా ఇరువదికి పైబడెను.

అంతలో సియాటిల్ నగరమున 1971లో పుట్టిన స్టార్‌బక్స్ సంస్థ దేశమంతటను వ్యాపింపసాగెను. 1994లో అది కాఫీ కనెక్షనును సుమారు 2 కోట్ల 30 లక్షల డాలర్ల విలువగల వాటాలిచ్చి కొనెను. కొన్నియేండ్లలోనే పాత పేరుపలకలు దిగిపోయెను; నల్లగా వేయించిన గింజల కాఫీ వచ్చెను. అయినను ఆ యింట పుట్టిన బిడ్డ యొకటి బ్రదికినది. 'ఫ్రాపుచ్చినో' అను చల్లని పానీయము కాఫీ కనెక్షనులోనిదే. 1995 మొదలు స్టార్‌బక్స్ దానిని తన దుకాణములన్నిట నమ్మినది. నేడు మన హైదరాబాదులో దానిని త్రాగువారిలో దాని పుట్టినింటి పే రెరిగినవా రెందరు?

అమ్మినవానిని నిందింపవచ్చునా? ధనబలముగల సంస్థ యెదురుగా వచ్చి కూర్చుండనున్నప్పుడు చిన్న వర్తకుని కష్టము మన మెరుగనిది కాదు. కాని కొన్నవాడు పలకను మార్చగలడే గాని, నేర్చినవాని నాలుకను మార్చలేడు. 1999లో బ్రెజిల్ దేశమున 'కప్ ఆఫ్ ఎక్సలెన్స్' అను పోటీని నెలకొల్పినవారిలో హోవెల్ ఒకడు. అందు గింజలు పండించిన రైతు పేరు చెప్పకయే కాఫీని రుచిచూచి శ్రేష్ఠమైనదాని నెన్నుదురు. గెలిచిన పంటను వేలమువేయుటచే రైతునకు మంచి ధర ముట్టును. 2004లో హోవెల్ మరల కాఫీ వ్యాపార మారంభించెను. దోరగా వేయించు పద్ధతి నేడు పెక్కుదేశముల వ్యాపించినది.

అయినను పోయిన దుకాణము పోయినదే. ఆ బల్లలు, అచ్చటి పరిచయములు మరల రావు. మన యూళ్లలోను గింజలు వేయించి, మన కన్నులయెదుటనే పొడికొట్టి యిచ్చు దుకాణములు అక్కడక్కడ కలవు. పొట్లము వెచ్చగా చేతికి వచ్చినప్పుడు ఆ వర్తకునితో నొక మంచిమాట యాడుడు. మరుమాసమును అచ్చటనే కొనుడు. మూతపడిన తలుపుముందు నిట్టూర్చుటకంటె, తెరచియున్న తలుపు లోనికి పోవుట మేలని మేము తలంచుచున్నాము.