నిద్రలేమి విధివ్రాత కాదు

కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధనా కేంద్రము కలదు. చేనికి దుంపకుళ్ళు సోకినచో అడుగుటకు రైతునకు చోటున్నది. ఆ పసుపును ఉడికించి ఆరబెట్టు నలుబది దాటిన స్త్రీకి నిద్ర చెదరి, మరపు హెచ్చినచో మాత్రము వయసని త్రోసివేయుదురు. ఇది అన్యాయము.

ముట్లుడుగుటకు ముందటి యేండ్లలో ఈస్ట్రోజెన్ ఒడుదొడుకులకు లోనగును. రాత్రి ఆవిరులు, చెమటలు నిద్రను చెరచును. నిద్ర చెడగా తలపు మసకబారును. పెక్కుమందికిది తాత్కాలికమే. రక్తహీనత, థైరాయిడ్ లోపము కలవేమో మొదట పరీక్షింపవలెను. నిద్రలేమికి మాత్రలకన్న ముందు, పడక వేళలు దిద్ది బెదురు పోగొట్టు ప్రవర్తనా చికిత్స మేలు. ఆవిరులు బాధించినచో హార్మోను చికిత్స కలదు. మరపునకది మందు కాదు, రొమ్ము క్యాన్సరు సోకినవారికి సాధారణముగా తగదు. 2002 నాటి అమెరికా పరిశోధన రేపిన భయము వీరికి పూర్తిగా వర్తింపదు. అందలి స్త్రీల సగటు వయస్సు 63.

బడిలో ఈ సంగతి తెలిసిన బిడ్డలు తల్లిపై విసుగుకొనరు, వైద్యునియొద్దకు తోడుపోవుదురు.