లోయర్ 13లో హత్య

అమెరికా రైళ్లలో పక్కలు పరిచి, ప్రయాణికుల బూట్లకు పాలిష్ పట్టిన నల్లజాతి పోర్టర్లు సంఘం కట్టుకుని 2025 ఆగస్టు 25 నాటికి నూరేళ్లు నిండాయి. 1925లో న్యూయార్క్ హార్లెమ్‌లో ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వాన పుట్టిన ఆ సంఘానికి, పడక పెట్టెలు నడిపిన పుల్మన్ కంపెనీ మెడలు వంచి ఒప్పందం రాయించుకోవడానికి పన్నెండేళ్లు పట్టింది. నెలకు 400 గంటల చాకిరీ 240 గంటలకు దిగింది. ఈ సందర్భాన రైలు హత్యల డిటెక్టివ్ కథలను వాళ్ల వైపు నుంచి చదవాలని మాకు అనిపించింది.

ఈ కథల మీద మాకు ప్రేమ ఉంది. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌ను రైలు ప్రయాణాల్లో చదివి పెరిగిన పాఠకులం మనం. అగాథా క్రిస్టీ ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ నవల 1934లో వచ్చింది. దాని వెనుక ఉన్నది 1932లో న్యూజెర్సీలో జరిగిన విమానచోదకుడు లిండ్‌బర్గ్ పసివాడి అపహరణ. క్రిస్టీ నవలకు పాతికేళ్ల ముందే, 1909లో, అమెరికన్ రచయిత్రి మేరీ రాబర్ట్స్ రైన్‌హార్ట్ ‘ద మ్యాన్ ఇన్ లోయర్ టెన్’ పుస్తకంగా తెచ్చింది. తన బెర్తు లోయర్ టెన్‌లో ఎవరో తాగి పడుకుని ఉండటంతో ఒక లాయరు మరో బెర్తుకు మారతాడు. తెల్లారేసరికి లోయర్ టెన్‌లో శవం, లాయరు మీద అనుమానం. ఆ ఏడాది అమెరికాలో బాగా అమ్ముడైన నవలల్లో అదొకటి.

ఈ కథల బలమంతా ఒక్క హామీలో ఉంది. హంతకుడు పెట్టెలోనే ఉన్నాడు. రాకుమారి నుంచి పనిమనిషి దాకా డిటెక్టివ్ అందరినీ ఒకే తీరుగా ప్రశ్నిస్తాడు. అంతస్తు ఎవరినీ కాపాడదు, ఎవరినీ ముంచదు.

1943 జనవరి 23న ఆ హామీ నిజంగా పరీక్షకు నిలిచింది. యుద్ధకాలం, సైనికులతో కిక్కిరిసిన సదరన్ పసిఫిక్ రైలు ఒరెగాన్ మీదుగా దక్షిణానికి పోతోంది. ఇంకా తెల్లవారలేదు. లోయర్ 13 బెర్తులో ఒక నావికాదళ అధికారి భార్యను, ఇరవై ఒక్కేళ్ల యువతిని, గొంతు కోసి చంపారు. పై బెర్తులో ఉన్నది ఒక తెల్ల మెరైన్ సైనికుడు. మొదట అతన్నీ అనుమానించారు. చివరికి బోను ఎక్కింది మాత్రం డైనింగ్ కారులో వంట చేసే నల్లజాతి కుర్రాడు రాబర్ట్ ఫోక్స్.

కేసుకు ఆధారం పోలీసులు రాసుకున్న వాంగ్మూలం. దాని మీద ఫోక్స్ సంతకం లేదు. ఒరెగాన్‌లోని ఆల్బనీ పట్టణంలో తెల్లవాళ్లే కూర్చున్న జ్యూరీ అతన్ని దోషిగా తేల్చింది. 1944లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ తీర్పుకు సరేనంది. 1945 జనవరి 5న సేలం జైలులో విషవాయువు గదిలో అతని ప్రాణం తీశారు. డైనింగ్ కారు కార్మికుల సంఘం అతని పక్షాన నిలబడింది గానీ కాపాడుకోలేకపోయింది.

అతను నిర్దోషి అని మేము తీర్పు చెప్పడం లేదు. ఆ సాక్ష్యంతో ఏ ప్రభుత్వానికీ ఒక మనిషిని చంపే హక్కు లేదంటున్నాం. ఆ యువతికి కూడా న్యాయం అందిందని మాకు నమ్మకం కలగడం లేదు.

చరిత్రకారుడు మ్యాక్స్ గైయర్ 2015లో ఈ కేసుపై ‘ద కలర్ ఆఫ్ నైట్’ రాశారు. క్రిస్టీని అంత ఇష్టంగా తెలుగు చేసుకున్న మన ప్రచురణకర్తలు దీన్నీ తేవాలి.