పిలవని ఉత్తరం

అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర బస్సు దిగగానే కంప్యూటరు కోర్సుల కరపత్రాలు చేతిలో కుక్కుతారు. పంజాగుట్ట చేరేలోపల అవి చెత్తబుట్ట పాలవుతాయి.

అక్కడే చిన్న శిక్షణాలయం నడుపుతున్న నా పాత శిష్యుడొకడు మొన్న వచ్చాడు.

"మాస్టారూ, 20,000 మందికి ఈమెయిళ్లు పంపాను. ఒక్కరూ పలకలేదు. అద్దె బాకీ పడ్డాను" అన్నాడు.

"ఇన్ని చిరునామాలు ఎక్కడివిరా?"

"కొన్నాను" అన్నాడు, తల వంచుకుని.

ఇక చెప్పేదేముంది? అవన్నీ స్పామ్ అనే చెత్తబుట్టలో పడి ఉంటాయి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ వారు నియమాలు బిగించారు. జీమెయిల్ ఖాతాలకు రోజుకు దాదాపు 5,000 లేదా అంతకు మించి ఉత్తరాలు పంపేవారు, అవి తమవేనని రుజువు చేసే ఎస్.పి.ఎఫ్., డీకిమ్, డీమార్క్ అనే మూడు ఏర్పాట్లూ చేసుకోవాలి. వ్యాపార ప్రకటనలైతే, వద్దనుకున్నవారు ఒక్క నొక్కుతో తప్పుకునే వీలుండాలి. స్పామ్ అని ఫిర్యాదు చేసేవారు వెయ్యికి ముగ్గురు కాకూడదు. ఒక్కరికి లోపే ఉంటే మేలు.

మొదటి ఏర్పాట్లు డబ్బిస్తే ఎవరైనా చేసి పెడతారు. ఆ చివరిదే కష్టం. ముక్కూ మొహం తెలియనివాడి శుభలేఖ వస్తే మనం మాత్రం పెళ్లికి వెళతామా?

కొన్న జాబితా తీసేయమన్నాను. తనంతట తాము వచ్చి పేరు రాయించుకున్నవారికే రాయమన్నాను.

"వాళ్లు మూడు వందలమందే మాస్టారూ!"

"వాళ్లేరా నీ ఉత్తరం కోసం చూసేది."

నిన్న ఫోను చేశాడు. ఏడుగురు జవాబిచ్చారట. అద్దె ఇంకా తీరలేదు గాని, గొంతులో దిగులు తగ్గింది.