కసూర్ ఎవరిది?

ప్రతి జుమ్మాకి కువైట్ నుంచి మా భాయీజాన్ వీడియో కాల్ చేస్తాడు. సలాం చెప్పి ఖైరియత్ అడిగేలోపే రౌటర్ ఆరిపోయి మళ్లీ వెలిగేది. "నామీద నారాజ్, కట్ చేసేశాడు" అని అమ్మీ దుప్పటి కప్పుకునేది.

కనెక్షన్ వాళ్లు కొత్త రౌటర్ కొనమన్నారు. బేకార్ సలహా! లైన్ తెగితే నెట్ పోతుంది గానీ లైట్లన్నీ ఆరిపోవు కదా. అన్నీ ఆరి వెలిగితే ముందు కరెంటు సంగతి చూడాలి. అడాప్టర్‌లో కెపాసిటర్ ముసలిదైతే, లోడు పడగానే వోల్టేజి జారుతుంది. మా రాజంపేట ఎండలు దానిమీద ఇంకో జుల్మ్.

రౌటర్ అడుగున రాసిన 12 వోల్టులు, 1.5 ఆంపియర్లు చూసి, అదే పిన్నున్న అడాప్టర్ తెచ్చాను. ఆంపియర్లు ఎక్కువైనా ఫరవాలేదు, వోల్టులు పెరిగితే ఖతం. ఇదేదీ చూడకుండా గరీబోళ్ల చేత డబ్బా మార్పించడం నా దృష్టిలో బేయిమానీ.

మొన్న జుమ్మాకి అమ్మీ 40 నిమిషాలు మాట్లాడింది. సగం తిట్లే.