చొక్కా మనదే, ఆటగాడేడీ?

మార్చి వస్తే కుసుమంచి టీకొట్టు దగ్గర రెండే చర్చలు. సన్‌రైజర్స్ జెర్సీలో నారింజ ఈసారి ముదురా, లేతా? మొదటి మ్యాచ్‌లో బాదినవాడు దేవుడా, కాదా? రెండూ తప్పు ప్రశ్నలే.

2025 మార్చి 23న ఉప్పల్‌లో రాజస్థాన్ మీద 286 కొట్టాం. ఇషాన్ కిషన్ 106 నాటౌట్. ఆ రాత్రే కప్పు మనదని తేల్చేశారు. తర్వాతి మ్యాచ్‌లో అదే కిషన్ మొదటి బంతికే ఔట్, వెంటనే "వీడు దండగ". వరసగా నాలుగు ఓటములు, చివరికి ఆరో స్థానం. ఒక్క టెస్ట్ కేసు పాసైందని కోడ్ రిలీజ్ చేస్తామా? మరి ఒక్క ఇన్నింగ్స్ చూసి తీర్పులేంటి?

జెర్సీ సంగతి ఇంకా ఘోరం. ఏప్రిల్ 6న అదే ఉప్పల్‌లో 17 పరుగులకే మన నాలుగు వికెట్లు తీసింది ఎవరు? హైదరాబాద్ ఆటోడ్రైవర్ కొడుకు సిరాజ్. ఒంటి మీద గుజరాత్ చొక్కా. మన తిలక్ వర్మది ముంబై నీలం. చొక్కా మీద ఊరి పేరుంది, ఊరోళ్లేమో పక్క చొక్కాల్లో ఉన్నారు.

రంగు సంగతి ఫ్రాంచైజీ చూసుకుంటుంది. మనం అడగాల్సింది వేరే: ఖమ్మం జిల్లా కుర్రాడు హెచ్‌సీఏ లీగుల దాకా చేరే దారేది? అది అడగని అభిమానం చొక్కా కొన్న బిల్లుతో సమానం.