ఇన్‌ఫ్లేషన్‌: బలమైన వాదనే, తుది తీర్పు కాదు

ఆది విశ్వం కనురెప్పపాటులో అతి చిన్న వంతులోనే విపరీతంగా ఉబ్బిందనే ఇన్‌ఫ్లేషన్‌ సిద్ధాంతాన్ని కట్టుకథగా కొట్టిపారేయలేం. ఆకాశమంతా పరచుకున్న 2.725 కెల్విన్ల నేపథ్య వికిరణం ఆది విశ్వం మిగిల్చినదే; దాని ఉష్ణోగ్రతలో లక్షో వంతు హెచ్చుతగ్గులున్నాయి. క్వాంటం కుదుపులు సాగి ఇవి ఏర్పడ్డాయంటుంది సిద్ధాంతం. అదే నిజమైతే వాటి వర్ణపట సూచిక (చిన్న, పెద్ద పరిమాణాల మధ్య హెచ్చుతగ్గుల బలం ఎలా మారుతుందో చెప్పే సంఖ్య) 1 కంటే కాస్త తక్కువ ఉండాలి. ప్లాంక్‌ ఉపగ్రహ కొలతల్లో 0.965 వచ్చింది.

ఏ కొలతకైనా సరిపడేలా ఇన్‌ఫ్లేషన్‌ను మలచవచ్చన్నది భౌతికశాస్త్రవేత్త పాల్‌ స్టైన్‌హార్ట్‌ వంటివారి అభ్యంతరం. అందులో నిజం లేకపోలేదు. కానీ కొన్ని సరళమైన నమూనాలు కొలతల ముందు నిలవక ఇప్పటికే పక్కకు తప్పుకున్నాయి. 2014లో బైసెప్‌2 టెలిస్కోపు బృందం, ఇన్‌ఫ్లేషన్‌ మిగిల్చి ఉండాల్సిన ఆది గురుత్వ తరంగాల జాడ దొరికిందని ప్రకటిస్తే, అందులో పాలపుంత ధూళి ప్రభావమే ఎక్కువని మరుసటి ఏడాదే తేలింది. ఆ జాడ దొరికేదాకా ఇన్‌ఫ్లేషన్‌ను బలమైన అంచనాగానే చూడాలి, రుజువైన చరిత్రగా కాదు.