భాష రాదని గడప దాటరా?

కొడుక్కో కూతురికో విదేశంలో ఉద్యోగం. మూడు నెలలుండి వెళ్ళమని టికెట్టు పంపిస్తారు. కారప్పొడులు, సున్నుండలు సర్దుకుని విమానం ఎక్కుతాం. మొదటి వారం సరదాగానే గడుస్తుంది. ఆ తర్వాత పిల్లలు పొద్దున్న ఆఫీసుకి వెళ్తే మళ్ళీ రాత్రికి గానీ రారు. ఇంట్లో మనమూ, గోడ గడియారమూ! అమెరికా అయితే వచ్చీరాని ఇంగ్లీషు ముక్కలతో నెట్టుకురావచ్చు. జపాన్ లాంటి చోట బోర్డు మీద అక్షరం పోల్చుకోలేం, పక్కింటావిడ పలకరిస్తే బదులు చెప్పలేం. అందుకని ఆదివారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూపులు. ఉన్న ఒక్క సెలవూ మన కోసం ఖర్చయిపోతోందని మనకి బాధ, అమ్మని ఏమీ తిప్పలేకపోతున్నామని వాళ్ళకి బాధ.

అసలు మనల్ని ఆపేది ఒకటే భయం: తప్పిపోతే ఇల్లు చేరేదెలా అని. దానికి ముందే ఏర్పాటు చేసుకుంటే, భాష రాకపోయినా ఊరు తిరగొచ్చు. టోకియోనే తీసుకుని ఎలాగో చూద్దాం రండి.

మీ స్టేషన్ నంబరు మీకు తెలుసా?

టోకియోలో భూగర్భ రైలు మార్గాలు 13 ఉన్నాయి. పేర్లన్నీ నోరు తిరగనివే. అయితే 2004 నుంచి అక్కడ ప్రతి మార్గానికీ ఒక రంగు, ఒక ఇంగ్లీషు అక్షరం, ప్రతి స్టేషనుకీ ఒక నంబరు పెట్టారు. ఇక పేరుతో పనేముంది? ఇంటి నంబరులాగా గుర్తుపెట్టుకుంటే చాలు.

ఉదాహరణకి మన దేశం నుంచి వెళ్ళిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల కుటుంబాలు ఎక్కువగా ఉండే పేట నిషి-కసాయ్. అది లేత నీలం రంగు తోజాయ్ మార్గంలో టి 16. ఊళ్ళోకి వెళ్తుంటే నంబర్లు తగ్గుతాయి, తిరిగి వస్తుంటే పెరుగుతాయి. 15 తర్వాత 14 వచ్చిందంటే మీరు ఊళ్ళోకి వెళ్తున్నట్టే. ఇంటికి రావాలనుకుని ఎక్కితే దిగిపోయి ఎదురు రైలు ఎక్కండి.

ఇక్కడ ఒక చిక్కుంది, జాగ్రత్త. ఈ మార్గంలో ర్యాపిడ్ రైళ్ళు కొన్ని మధ్య స్టేషన్లలో ఆగవు. నిషి-కసాయ్‌లో కూడా ఆగకుండా టి 18 దాకా పోతాయి. ప్లాట్‌ఫారం మీది బోర్డులో లోకల్ అని ఇంగ్లీషులో వచ్చే దాకా ఆగి ఎక్కండి. పొరపాటున ర్యాపిడ్ ఎక్కేస్తే కంగారు పడొద్దు. టి 18లో దిగి, వెనక్కి వచ్చే లోకల్ ఎక్కితే రెండో స్టేషనే మీది.

టికెట్టు కొనడం బెడద లేకుండా పిల్లల చేత సుయికా కార్డు గానీ, పాస్మో కార్డు గానీ తీయించుకోండి. డబ్బు వేసి ఉంచుకుంటే వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ గేటు మీద ఆనించడమే. చాలా కొట్లలో సామాన్లకి కూడా అదే చెల్లుతుంది.

పొద్దున్న ఏడున్నర, తొమ్మిదిన్నర మధ్య మాత్రం బయల్దేరకండి. ఆ రద్దీలో కాలు నేల మీద ఆనదు. ఆ వేళల్లో కొన్ని మార్గాల్లో ఆడవాళ్ళకి ప్రత్యేకంగా పెట్టె ఉంటుంది. ప్లాట్‌ఫారం మీద గులాబి రంగు గుర్తు చూసి నిలబడాలి. పది దాటాక వెళ్తే ఈ గొడవే లేదు.

పర్సులో ఒక చీటీ

పిల్లల చేత ఒక అట్టముక్క మీద జపనీస్ లిపిలో ఈ నాలుగూ రాయించుకోండి: ఇంటి అడ్రసు, స్టేషన్ పేరు, వాళ్ళ ఫోన్ నంబరు, ‘నాకు జపనీస్ రాదు, దయచేసి ఈ అడ్రసుకి దారి చూపించండి’ అన్న ముక్క. అన్నీ ఫోనులో ఉన్నాయిగా అంటారేమో! చార్జింగ్ అయిపోతే ఫోను ఉన్నా లేనట్టే. చీటీకి ఆ బాధ లేదు.

అక్కడ చాలా వీధులకి పేర్లు ఉండవు. పేట, అందులో భాగం, బ్లాకు, ఇల్లు, ఇలా నంబర్లతోనే అడ్రసు. కాబట్టి మీ అపార్టుమెంటు ముఖద్వారం, మీరు స్టేషన్లోంచి బయటికొచ్చే దారి ఫొటో తీసి పెట్టుకోండి. దారి తప్పితే ‘కోబాన్’ ఎక్కడుందో చూడండి. అది పేట పేటకీ ఉండే చిన్న పోలీసు గది. గుమ్మం మీద ఎర్ర దీపం ఉంటుంది. దారి చెప్పడం వాళ్ళ రోజువారీ పనుల్లో ఒకటి. పోలీసు గది అని జంకక్కర్లేదు, చీటీ చూపిస్తే చాలు. పాస్‌పోర్టు మాత్రం ఎప్పుడూ దగ్గర ఉండాలి, అక్కడి చట్టం అది. అత్యవసరమైతే పోలీసుకి 110, అంబులెన్సుకి 119.

ఆకలేస్తే?

మాంసాహారులకి చింత లేదు. చాలా హోటళ్ళ ముందు అద్దాల బీరువాలో వంటకాల నమూనాలు ప్లాస్టిక్‌తో చేసి పెడతారు. కావలసినదాన్ని వేలితో చూపిస్తే సరి. శాకాహారులకే అసలు పరీక్ష. సూపుల్లో, ఉడికించిన కూరల్లో ‘దాషి’ అనే రసం పోస్తారు. ఎక్కువగా దాన్ని ఎండిన చేప తురుము మరిగించి తీస్తారు. పైకి కూరముక్కలే కనిపించినా లోపల అది ఉండొచ్చు. ‘నికు’ అంటే మాంసం, ‘సకానా’ అంటే చేప, ‘నాషి’ అంటే లేకుండా. అయినా నోటిమాట మీద ఆధారపడకుండా, ఏమేం తినరో చీటీ వెనక రాయించుకోండి. ‘చేప రసం కూడా వద్దు’ అని విడిగా రాయించడం మరవకండి.

రాత్రీపగలూ తెరిచి ఉండే చిన్న కొట్లలో ‘ఓనిగిరి’ అమ్ముతారు. అంటే సముద్రపు నాచు రేకు చుట్టిన అన్నం ముద్ద. అందులో ‘ఉమెబోషి’ అనే రకం ఉంటుంది, ఉప్పులో ఊరేసి ఎండబెట్టిన పుల్లటి కాయ. మన ఊరగాయ అన్నం గుర్తొస్తుంది. దాన్లోనూ కొన్ని కంపెనీలు చేప సారం కలుపుతాయి కనుక, ఫోనులో అనువాదం చేసే యాప్‌తో పొట్లం మీది రాత చూసుకుని కొనండి. లేదంటే ఇంట్లోంచి పులిహోర డబ్బా పట్టుకెళ్ళండి, పార్కులో బల్ల మీద కూర్చుని హాయిగా తినొచ్చు. రైల్లో మాత్రం తినకండి, అక్కడివాళ్ళకి నచ్చదు.

చిల్లర విషయం: నాణేల మీద అంకెలు మనకి తెలిసినవే, ఒక్క 5 యెన్ల నాణెం తప్ప. దాని మీద జపనీస్ అక్షరాలే ఉంటాయి. పసుపు రంగు, మధ్యలో చిల్లు, అదే గుర్తు. టిప్పు ఇచ్చే అలవాటు అక్కడ లేదు.

ఇంకో సంగతి. మనం అవునన్నట్టు తల అటూ ఇటూ ఆడిస్తే వాళ్ళకి అర్థం కాదు. ముందుకి ఊపండి. వాళ్ళు ముఖం ముందు చెయ్యి అటూ ఇటూ ఊపినా, చేతులు అడ్డంగా పెట్టినా ‘లేదు, కుదరదు’ అని అర్థం. ఎవరినైనా ఆపాలంటే ‘సుమిమాసెన్’ అనండి, అంటే ‘ఏమండీ, క్షమించండి’ అని. ఈ ఒక్క మాట సగం పని చేసిపెడుతుంది.

మెట్టు మెట్టుగా

మొదటి రోజు స్టేషన్ దాకా నడిచి వెనక్కి రండి. బయటికి దారి చూపే అక్షరాలు గుర్తుపట్టండి: కొండ మీద కొండ పెట్టినట్టు ఒకటి, పక్కన నలుచదరం గడి ఒకటి. రెండో రోజు ఒక్క స్టేషన్ రైల్లో వెళ్ళి, టి 17లో దిగి తిరిగి రండి. మూడో రోజు ఊళ్ళోకి! టి 10లో దిగి నారింజ రంగు గింజా మార్గంలోకి మారండి. అదే స్టేషన్‌కి ఆ మార్గంలో జి 11 అని నంబరు. జి 19 చివరి స్టేషన్, అసాకుసా. దిగడం మరిచిపోయే ప్రసక్తే లేదు. పెద్ద ఎర్ర లాంతరు వేలాడే ద్వారం దాటి లోపలికి వెళ్తే సెన్సోజీ గుడి. అక్కడ కొలువున్న కన్నోన్ మరెవరో కాదు, మన దేశంనుంచి వెళ్ళిన అవలోకితేశ్వరుడే.

ఓపిక ఉంటే తిరిగి వచ్చేటప్పుడు ఒక స్టేషన్ ముందుగా, జి 18లో దిగండి. తెల్ల టోపీ పెట్టుకున్న పెద్ద వంటవాడి బొమ్మ మేడ మీద కనిపిస్తుంది. అక్కడ మొదలయ్యే కప్పబాషి వీధంతా వంటసామాన్ల దుకాణాలే. కత్తులు, గిన్నెలు, ఇందాక చెప్పుకున్న ప్లాస్టిక్ వంటకాలు! చూడ్డానికి భాష అక్కర్లేదు, ధర అంకెల్లోనే ఉంటుంది.

అయిదింటికల్లా ఇల్లు చేరి కుక్కరు పెట్టండి. రాత్రి అబ్బాయి వచ్చి, “ఇవాళ ఏం చేశావమ్మా?” అని మామూలుగా అడుగుతాడు. కొత్త గరిటె చూపించి, ఎక్కడ కొన్నారో చెప్పండి.